తిరిగివచ్చిన ఖరారునామా: సరిచూడకుండా సంతకం తగునా?

బేరం టెలిఫోనులో కుదరడం, ఖరారునామా ముసాయిదా ఈమెయిలులో వెళ్లడం, అవతలి పార్టీ దానిని "చిన్న సవరణలతో" తిప్పి పంపడం, ఇవతలివారు అచ్చు తీసి చివరి పేజీలో సంతకం గీకడం. కాకినాడ బియ్యం ఎగుమతులలోనైనా, గుంటూరు మిర్చి ఎగుమతులలోనైనా ఇప్పుడు జరుగుతున్న తంతు ఇదే. టన్నుకు రెండు డాలర్ల తేడా కోసం రాత్రి పొద్దుపోయేదాకా బేరమాడే వర్తకులు, తిరిగివచ్చిన ముసాయిదాలో ఏ మాట మారిందో చూచుకోవడానికి పది నిమిషాలు వెచ్చించరు. పంపిన ప్రతికీ, వచ్చిన ప్రతికీ మధ్య తేడాలను కంప్యూటరు క్షణంలో ఎత్తిచూపగల రోజులలో ఈ అలవాటు సాగుతూ వుండడం వింతగానే వున్నది.

ఒక్క మాట ఖరీదు ఎంతో తెలియాలంటే 2022 సెప్టెంబరు సంగతి గుర్తుచేసుకోవాలి. ఆ నెల 8వ తేదీన కేంద్ర ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించింది. బాస్మతి, ఉప్పుడు బియ్యం మినహా తక్కిన బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. మరునాటి నుంచే అమలు. అప్పటికే కుదిరివున్న బేరాలలో ఆ సుంకం ఎవరు భరించాలన్న ప్రశ్నకు జవాబు ఖరారునామాలో ఎక్కడో ఒక పంక్తిలో వుంటుంది. ధాన్యం, దాణా వర్తకంలో ప్రపంచమంతా వాడుకచేసే లండన్ గాఫ్టా సంస్థ సి.ఐ.ఎఫ్. నమూనా ఒడంబడికలలో, ఎగుమతి దేశంలో ఇప్పుడున్న సుంకాలూ, ఇకముందు రాబోయే సుంకాలూ అన్నీ అమ్మకందారు ఖాతాకే. జాగ్రత్తపరుడైన ఎగుమతిదారు ఒకడు ఈ పంక్తిని మార్చి, కొత్తగా పడే సుంకం కొనుగోలుదారు ఖాతాకు అని వ్రాసి పంపాడనుకుందాం. అవతలివారు ఆ "కొనుగోలుదారు"ను తీసి మళ్లీ "అమ్మకందారు" అని పెడితే పంక్తి పొడవు కూడా మారదు. పేజీ సంఖ్య మారదు. టన్ను 400 డాలర్ల చొప్పున 5,000 టన్నుల బేరమైతే ఆ ఒక్క మాటకు 20 శాతం లెక్కన 4 లక్షల డాలర్లు.

ఆ తరువాత కూడా విధానం కుదురుగా వున్నది లేదు. 2023 జూలై 20న తెల్లబియ్యం ఎగుమతి పూర్తిగా నిషిద్ధమైంది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై సుంకం పడింది. 2024 సెప్టెంబరు చివర తెల్లబియ్యంపై నిషేధం ఎత్తివేసి టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు, అక్టోబరులో దానినీ తీసేశారు. మార్పు వచ్చిన ప్రతిసారీ అందరి చూపూ పడేది నిషేధం షరతు, సుంకం షరతు, ఓడ గడువు షరతుల మీదనే. ముసాయిదా దశలో ఎవరి కంటా పడనివీ అవే.

వర్తకానికి ఈ భయం కొత్తది కాదు. వెనుకటి హుండీలలో మొత్తాన్ని వ్రాసే తీరు చూచినవారికి తెలుస్తుంది. వెయ్యి రూపాయల హుండీ అయితే, వెయ్యి రూపాయలు, అందులో సగం అయిదు వందలు, దానికి రెట్టింపు అని వ్రాసేవారు. ఒక అంకె దిద్దినవాడు మూడు చోట్ల దిద్దాలి, ఆ మూడూ మళ్లీ పొసగాలి. ప్రామిసరీ నోటులో అంకెలలో వ్రాసి, అక్షరాలా మళ్లీ వ్రాసేది అందుకే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 87వ సెక్షను ప్రకారం అటువంటి పత్రంలో ముఖ్యమైన మార్పు చేస్తే, దానికి ఒప్పుకోని పార్టీ మీద ఆ పత్రం చెల్లదు. కాగితం మీద దిద్దితే మరక మిగులుతుంది, గీకితే కాగితం పలచబడుతుంది, సిరా రంగు తేడా పడుతుంది. కంప్యూటరులో దిద్దిన పత్రం ఏ మచ్చా లేకుండా కొత్త పెళ్లికొడుకులా తిరిగివస్తుంది. అందువల్లనే దానిని చూచే పద్ధతి వేరుగా వుండాలి.

రెండు ప్రతులను పోల్చే విద్య కంప్యూటరు ప్రపంచంలో పాతదే. అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో తయారైన యూనిక్స్ వ్యవస్థలో 1974లోనే "డిఫ్" అనే చిన్న ప్రోగ్రాము చేరింది. జేమ్స్ హంట్, డగ్లస్ మెకిల్‌రాయ్ దాని లెక్కను 1976లో ప్రచురించారు. 1986లో యూజీన్ మయర్స్ అనే శాస్త్రజ్ఞుడు మరింత వేగమైన పద్ధతి చూపాడు. సూత్రం ఒక గుమాస్తాకు కూడా అర్థమయ్యేదే. పాత ప్రతిలోనూ కొత్త ప్రతిలోనూ ఒకే వరుసలో వుండే మాటలలో అన్నిటికన్నా పొడవైన వరుసను యంత్రం వెదుకుతుంది. ఆ వరుసలో చేరక పాత ప్రతిలో మిగిలినవి తొలగించిన మాటలు. కొత్త ప్రతిలో మిగిలినవి చేర్చిన మాటలు. ఇద్దరు గుమాస్తాలు కూర్చుని ఒకరు చదువుతూ, మరొకరు వేలు పెట్టి చూచుకుంటూ రెండు చిట్టాలను సరిచూచుకొనే పనే ఇది, అలసట మాత్రం వుండదు.

దీనికోసం కొత్తగా కొనవలసినది కూడా లేదు. పెక్కు దుకాణాలలో వున్న వర్డ్ ప్రోగ్రాములోనే "రివ్యూ" శీర్షిక కింద "కంపేర్" అనే మీట వున్నది. డబ్బు పెట్టి ప్రోగ్రాము కొననివారికి ఉచితంగా దొరికే లిబ్రాఫీసులోనూ ఈ సదుపాయం వున్నది. పాత ఫైలు ఇది, కొత్త ఫైలు ఇది అని చూపితే, తీసేసిన మాటలు కొట్టివేతతోనూ, చేర్చిన మాటలు కింద గీతతోనూ మూడో పత్రంగా తయారవుతాయి.

అయితే ఇక్కడే వర్తకులు పొరపడుతున్న చోటు ఒకటున్నది. "అవతలివారు మార్పులన్నీ ఎర్రగా గుర్తుపెట్టే పంపారు గదా, ఇంక పోల్చడమెందుకు?" అంటారు. ఆ ఎర్రగీతలు వేసే "ట్రాక్ ఛేంజెస్" అనే ఏర్పాటును వ్రాసేవాడే నడుపుతాడు, ఆపుతాడు. అది ఆపివేసి ఒక మాట మార్చి, మళ్లీ నడిపించి తక్కిన మార్పులు చేస్తే, ఎర్రగీతలు ఆ తక్కినవాటికే పడతాయి. మోసబుద్ధితోనే చేయనక్కరలేదు, అవతలి కార్యాలయంలో నలుగురి చేతులు మారినప్పుడు తెలియకుండానే జరగవచ్చు. అవతలివారి ఎర్రగీతలు వారు చెప్పిన లెక్క, అంతే. దుకాణంలో ఎవరి కాటా మీద వారు మళ్లీ తూచుకున్నట్లే, తమ "పంపిన మెయిళ్ల" పెట్టెలో వున్న చివరి ప్రతిని తీసి, వచ్చినదానిని దానితో పోల్చాలి. అవతలివారు తిప్పి పంపిన పాత ప్రతితో పోల్చితే అది పోల్చినట్లు కాదు. ఫైలు పేరులో "ఫైనల్" అని వున్నంత మాత్రాన చివరిదనుకోరాదు. ఈ పేరు పెట్టని ముసాయిదా ఈ రోజులలో కనబడడం లేదు.

యంత్రానికి అర్థం తెలియదన్నది మరొక సంగతి. దాని కంటికి ఒక కామా తొలగడమూ, "కాదు" అనే మాట తొలగడమూ సమానమే. అవతలివారు అక్షరాల పరిమాణం మార్చి, పేరాలు సర్ది, ఖాళీలు తగ్గించి పంపితే యంత్రం నూరు తేడాలు చూపుతుంది. ఆ నూరింటిలో అసలుది ఒకటో రెండో. చూచేవాడు పదో తేడాకే విసిగి వదిలేస్తాడు. దీనికి విరుగుడుగా అక్షర రూపం తేడాలనూ, ఖాళీల తేడాలనూ పట్టించుకోవద్దని వర్డ్ ప్రోగ్రాముకు చెప్పవచ్చు. కానీ అదే జాబితాలో "పట్టికలు" అన్న గడి కూడా వుంటుంది. తొందరలో దానినీ తీసివేస్తే పని చెడినట్లే. ఖరారునామాలో తేమ, నూక, తాలు, రంగు, మలినాల శాతాలన్నీ వుండేది ఆ పట్టికలోనే గదా.

తేమ విషయమే చూడండి. మిర్చి కొనే ఎగుమతిదారు 10 శాతం తేమ అని వ్రాసి పంపిన పట్టిక 12 శాతంతో తిరిగివచ్చిందనుకుంటే, వెయ్యి క్వింటాళ్ల సరుకులో సుమారు 20 క్వింటాళ్ల నీటికి మిర్చి ధర కట్టినట్లవుతుంది. క్వింటాలు 15,000 రూపాయలనుకున్నా 3 లక్షలు. గోదాములో బూజు పట్టే నష్టం దీనికి అదనం. అంకె మారడం పెద్ద సవరణగా ఎవరికీ తోచదు. పోలిక పత్రంలో మాత్రం అది ఒక చిన్న కొట్టివేత, పక్కన ఒక చిన్న గీత.

యంత్రం అసలు పట్టలేని తేడాలు కూడా కొన్ని వున్నాయి. ఖరారునామాలో ఒక్క అక్షరమూ మారకపోయినా, అది పేర్కొన్న నిబంధనావళి మారవచ్చు. అంతర్జాతీయ వాణిజ్య మండలి ప్రకటించే ఇన్‌కోటెర్మ్స్ ఇందుకు నిదర్శనం. 2010 నాటి ప్రతిలో సి.ఐ.పి. బేరానికి అమ్మకందారు చేయించవలసిన బీమా కనీస రక్షణ గల "సి" తరగతి షరతులతో చాలును. 2020 జనవరి 1 నుంచి అమలైన ప్రతిలో అదే సి.ఐ.పి. బేరానికి విస్తృత రక్షణ గల "ఎ" తరగతి కావాలి. సి.ఐ.ఎఫ్. బేరానికి మాత్రం "సి" తరగతే వుంచారు. పాత ప్రతిలోని డి.ఎ.టి. అనే పదమే కొత్తదానిలో లేదు, దాని చోట డి.పి.యు. వచ్చింది. సంవత్సరం పేర్కొనకుండా ఉత్త "ఇన్‌కోటెర్మ్స్" అని వ్రాసిన ఖరారునామాలు చేతులు మారుతున్నాయి. సంవత్సరం వ్రాసినచోట "2020"ని "2010" చేస్తే మారేది ఒక్క అంకె, దానితో బీమా ప్రీమియమూ, నష్టం వచ్చిననాటి పరిహారమూ మారతాయి.

స్కాను చేసిన పి.డి.ఎఫ్. పంపడం మరో చిక్కు. అది మాటల పత్రం కాదు, ఫొటో. ఫొటోలోని అక్షరాలను చదివే ప్రోగ్రాములు వున్నాయి గానీ, అవి 8ని 3గానూ, 1ని 7గానూ చదివే ప్రమాదం వుండనేవుంది. అప్పుడు తేడా అవతలివాడు చేసినదో యంత్రం చేసినదో తేలదు. దిద్దుబాటుకు వీలైన ఫైలు పంపితే దానినే పంపమని అడగడం మర్యాదకు లోపం కాదు. "ఫొటోయే పంపుతాం, సంతకం చేయండి" అని పట్టుబట్టే పార్టీ ముసాయిదాను రెండుసార్లు చదవడం మంచిది. ఈ మధ్య కృత్రిమ మేధ ప్రోగ్రాములకు రెండు పత్రాలూ యిచ్చి "ఏం మారింది?" అని అడగడం కూడా మొదలైంది. అవి నున్నని మాటలలో సారాంశం చెబుతాయి, ఒక్కొక్కప్పుడు అసలు తేడానే వదిలేస్తాయి. ముందు మాటకు మాట పోల్చిన పత్రం తీసుకొని, దాని భావం కోసం వకీలును అడిగినా, యంత్రాన్ని అడిగినా ఫరవాలేదు.

చట్టం ఏమంటుందన్నది వర్తకులు తరచు వేసే ప్రశ్న. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 7వ సెక్షను ప్రకారం అంగీకారం మారుమాట లేకుండా వుండాలి. అంటే ఒక షరతు మార్చి తిప్పి పంపిన ముసాయిదా అంగీకారం కాదు, అది అవతలివారి ఎదురు బేరం. దానిమీద సంతకం పెట్టినవాడే దానిని అంగీకరించినవాడవుతాడు. మార్పును దాచి సంతకం తీసుకుంటే అది వంచన కిందికి రావచ్చు, అప్పుడు ఒడంబడికను రద్దు చేసుకొనే హక్కు వున్నది. కానీ 19వ సెక్షనులో ఒక మినహాయింపు కనబడుతుంది. తప్పుడు వివరణ వల్లగానీ, వంచనతో మౌనం వహించడం వల్లగానీ ఇచ్చిన సమ్మతి అయితే, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకొనే వీలు ఆ సమ్మతి ఇచ్చినవాడికి వుండివుంటే, రద్దు హక్కు లేదు. మీట నొక్కితే తేడా కనబడే రోజులలో "మామూలు శ్రద్ధ" అంటే ఏమిటో అవతలి వకీలు చెప్పకుండా వుంటాడా?

గాఫ్టా ఒడంబడికలకు వర్తించేది ఇంగ్లండు చట్టం, తగవు తీర్చేది లండను మధ్యవర్తులు. అక్కడ 1934లో తీర్పయిన ఒక కేసులో, హోటలు నడిపే ఒకామె సిగరెట్ల యంత్రం కొని, సన్నని అక్షరాల షరతులు చదవకుండా సంతకం చేసింది. వంచనగానీ, తప్పుడు వివరణగానీ లేనప్పుడు చదివినా చదవకపోయినా సంతకం చేసినవారు కట్టుబడవలసిందేనని కోర్టు చెప్పింది. వంచన జరిగిందని రుజువు చేయవచ్చు, నిజమే. అందుకు పట్టే నెలలలో ఓడకు డెమరేజి నడుస్తూనే వుంటుంది.

ఇక్కడ ఒక అన్యాయం వున్నదని ఒప్పుకోవాలి. మార్చినవాడు హాయిగా వుంటే, మార్పును వెదకే శ్రమ మార్చనివాడి మీద పడుతున్నది. బ్యాంకులలో ఇట్లా లేదు. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో సవరణ చేస్తే బ్యాంకు పంపే స్విఫ్టు సందేశంలోనే ఏది చేర్చారో, ఏది తొలగించారో, ఏది మొత్తంగా మార్చారో చెప్పే గుర్తులు వుంటాయి. 2007 నుంచి అమలులో వున్న యు.సి.పి. 600 నియమాల 10వ అధికరణం ప్రకారం లబ్ధిదారు ఒప్పుకోనిదే సవరణ చెల్లదు. ఫలానా గడువులోగా కాదనకపోతే అంగీకరించినట్లేనని సవరణలో వ్రాసినా ఆ వ్రాతను లెక్కచేయరు. సవరణలో సగం ఒప్పుకొని సగం కాదనడానికీ వీల్లేదు. డబ్బు పత్రానికి ఇంత కట్టుదిట్టం వుండగా, ఆ డబ్బుకు మూలమైన సరుకు ఖరారునామాకు ఏదీ లేకపోవడమేమిటి?

వర్తక సంఘాలు, చాంబర్లు తమ నమూనా ఒడంబడికలలో ఒక షరతు చేర్చవలసివుంది. ముసాయిదాలో మార్పు చేసిన పార్టీ, ఆ మార్పులన్నీ గుర్తించిన ప్రతిని జతపరచాలి, గుర్తించని మార్పు అవతలి పార్టీ మీద చెల్లదు అని. ఇది సంపూర్ణ రక్షణ కాదు. తరువాత సంతకమైన పత్రమే అంతిమమని వాదించేవారు వుంటారు, ఆ షరతునే ముసాయిదాలోంచి చడీచప్పుడు లేకుండా తీసివేసే ఘనులూ వుంటారు. అయినా వివాదం వచ్చినప్పుడు ఎవరు దాచారన్నది ఎత్తిచూపడానికి అది పనికివస్తుంది.

బ్రోకర్ల మాట కూడా చెప్పుకోవాలి. రెండు పక్షాల మధ్య ముసాయిదాలు అటూయిటూ తిప్పేది వారే. వచ్చిన మెయిలును వచ్చినట్లే అవతలికి తోసివేయడం బ్రోకరు పని అయితే, ఆ పనికి దలాలీ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ప్రతి రాకపోకకూ ఒక పోలిక పత్రం తీసి ఇద్దరికీ పంపే బ్రోకరును "అనుమానం మనిషి" అనేవారున్నారు. వ్యాపారం నమ్మకం మీద నడుస్తుందనీ, పాత పార్టీని ఇట్లా చూడడం అవమానమనీ అంటారు. యార్డులో కాటాకు ప్రభుత్వ ముద్ర వున్నదో లేదో చూస్తే అడితీదారు అవమానపడడు. శాంపిలు బస్తాలో చేయి పెట్టి అడుగు సరుకు తీసి చూస్తే రైతు అవమానపడడు. సరుకు విషయంలో లేని మొహమాటం కాగితం విషయంలో ఎందుకో తెలియదు.

సంతకమైన తరువాతి మార్పుల సంగతి వేరు. ఐ.టి. చట్టం, 2000 ప్రకారం డిజిటల్ సంతకం చేసిన పత్రంలో ఒక్క చుక్క మారినా సంతకం సరిపడదు. ఆ ఏర్పాటుకు ఆధారం "హాష్" అనే లెక్క. పత్రమంతటినీ ఒక పొడవాటి సంఖ్యగా కుదించడమన్నమాట. ఇది బస్తాకు వేసిన సీసపు సీలు వంటిది. సీలు తెగితే బస్తా విప్పారని తెలుస్తుంది, ఎంత తీశారో తెలియదు. అది తెలియాలంటే మళ్లీ పోలికే గతి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద కోర్టులో దాఖలు చేసే ఎలక్ట్రానిక్ పత్రంతో ఇవ్వవలసిన ధ్రువపత్రంలో ఈ హాష్ సంఖ్య కూడా పేర్కొనాలి. అందుచేత పంపిన ఫైలునూ, వచ్చిన ఫైలునూ తెరిచి దిద్దకుండా, పేరు తేదీలతో విడిగా దాచిపెట్టుకోవడం గుమాస్తాలకు నేర్పాలి. పంపిన ఫైలులోనే మళ్లీ దిద్దుకుంటూ పోయే దుకాణంలో పోల్చడానికి పాతది ఏదీ మిగలదు.

తెలుగులో వ్రాసుకొనే పత్రాల విషయం వచ్చేసరికి చిక్కులు ఎక్కువ. గోదాము కౌలు, మిల్లు ఒప్పందాలు, రైతులతో విత్తన ఒప్పందాల వంటివి డి.టి.పి. కేంద్రాలలో అను ఫాంట్లతో టైపవుతున్నవి యింకా వున్నాయి. ఆ ఫైలులో నిజానికి వుండేది తెలుగు అక్షరాల బొమ్మలు ధరించిన ఇంగ్లీషు గుర్తులు. అవతలివారు అదే పత్రాన్ని యూనికోడ్‌లో టైపు చేసి పంపితే, మాట మారకపోయినా యంత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అంతా మారిందంటుంది. యూనికోడ్‌లోనే రెండు ప్రతులూ వున్నా, ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులుగానూ నిలవచేసే వీలున్నది. కంటికి ఒకటే, యంత్రానికి వేరు. లక్షను ఒకరు 1,00,000 అనీ, మరొకరు 100,000 అనీ వ్రాసినా అదే గొడవ. రెండు పక్షాలూ మొదటి ముసాయిదానే యూనికోడ్‌లో తయారుచేసుకొని, తిరుగు ప్రతిని కూడా అందులోనే పంపుకొంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. అను ఫాంట్లలోనే వచ్చిన పత్రాన్ని మాత్రం వెనుకటి పద్ధతిలో ఇద్దరు గుమాస్తాలు ఎదురెదురుగా కూర్చుని సరిచూడవలసిందే. పదిహేను పేజీల కౌలు పత్రానికి గంట పడుతుంది.